జీపు వెనుక డబ్బా

1959లో భద్రాచలం ప్రాంతము తూర్పు గోదావరి నుండి ఖమ్మం జిల్లాలో చేరినది. జిల్లా ఒక్కటియైనను నడుమ గోదావరి యుండెను. భద్రాచలం వద్ద వంతెన 1965లో గాని రాలేదు. ఆవలి అడవిబాటలలో, బురదలో, క్రింది గేరున నడచు జీపు పెట్రోలును త్రాగివేయును. పోవుటకే గాక తిరిగి వచ్చుటకును లెక్క చూచుకొనవలెను గదా!

యుద్ధకాలపు విల్లీస్ జీపులో డ్రైవరు ఆసనము క్రింది ట్యాంకు సుమారు 57 లీటర్లు పట్టును. అది చాలక, తరువాతి బండ్లకు వెనుక, అదనపు చక్రము ప్రక్కన, 20 లీటర్ల జెర్రీ డబ్బాకు చట్రము అమర్చిరి. ఈ డబ్బాను 1930లలో జర్మనులు రూపొందింపగా మిత్రరాజ్యములు అనుకరించెను. మేము మెచ్చునది దాని మూడు పిడులను: నిండు డబ్బాను ఇద్దరు మోయవచ్చును, ఖాళీవి రెండింటిని ఒక్క చేతనే పట్టవచ్చును. పైభాగమున గాలికి విడిచిన చోటు వలన, నిండు పెట్రోలుతో నీటబడినను అది తేలును. రేవు దాటువారికి ఇంతకన్న నేమి కావలెను?