టైపిస్టులు వాడిన కమాండ్ లైన్

సూపర్ కంప్యూటర్‌తో పని పడిన పరిశోధక విద్యార్థి ముందు బొమ్మలూ మెనూలూ లేని నల్లటి తెర ప్రత్యక్షమవుతుంది, అక్షరాల్లో ఆదేశాలు కొట్టాల్సిన కమాండ్ లైన్ అది. దాన్ని వాడటం ప్రోగ్రామర్లకే అబ్బే విద్య అన్న అభిప్రాయం బలంగా ఉంది. చరిత్ర మాత్రం అందుకు సాక్ష్యం పలకదు. న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1969లో కమాండ్ లైన్‌తో నడిచే యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టారు. సొంత యంత్రం కావాలంటే పైవాళ్లు డబ్బివ్వలేదు. చివరికి పత్రాలు తయారుచేసే ఏర్పాటు చేసిపెడతామని ఒప్పించి పీడీపీ-11 అనే కంప్యూటర్ తెప్పించుకున్నారు. 1971 ద్వితీయార్ధంలో దాని మీద పేటెంట్ విభాగం టైపిస్టులు ముగ్గురు రోజంతా దరఖాస్తులు కొట్టేవారు, దిద్దేవారు. యంత్రం మెమరీ 24 కిలోబైట్లు, డిస్కు అర మెగాబైటు. ఒక ప్రోగ్రాంలో తప్పు దొర్లితే మొత్తం యంత్రం ఆగిపోయే రోజులవి. అయినా వాళ్ల పని సాగింది. యూనిక్స్ కమాండ్ లైన్‌ను మొదట నిలబెట్టింది ఆఫీసు పనే.

మరి ఈనాటి విద్యార్థి ఎందుకు తడబడతాడు? కొంత తప్పు ఆ కాలపు యంత్రాలది. తెర బదులు కాగితం మీద రాసే టెలిటైప్ సెకనుకు 10 అక్షరాలే అచ్చుకొట్టేది, మీటలు గట్టిగా నొక్కాలి. అందుకే ఎల్ఎస్, సీపీ, ఆర్ఎం లాంటి రెండక్షరాల ఆదేశాలు వచ్చాయి. పని సవ్యంగా జరిగితే కంప్యూటర్ మౌనంగా ఉంటుంది. ఆర్ఎం అని కొడితే మామూలుగా మారు అడగకుండానే ఫైలు చెరిపేస్తుంది. కొత్తవాడి భయం అకారణం కాదు. ఆనాటి టైపిస్టులకైతే యూనిక్స్ తయారుచేసినవాళ్లే అందుబాటులో ఉన్నారు కదా అనవచ్చు. నిజమే, నా వాదనకు అదే బలం: ఇప్పుడు కొరవడింది తెలివి కాదు, పక్కన కూర్చుని చెప్పే మనిషి. 1998లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో గ్రెగ్ విల్సన్, బ్రెంట్ గోర్డా శాస్త్రవేత్తలకు సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ పేరుతో కంప్యూటర్ పాఠాలు మొదలుపెట్టింది ఈ లోటు చూసే.

మౌస్ ఉండగా ఈ తంటా ఎందుకన్నది ఇంకో ఆక్షేపణ. నాలుగు ఫైళ్లకైతే నిజంగానే అక్కర్లేదు. వెయ్యి ఫైళ్లకు ఒకే పని చేయాలన్నా, ఏం చేశామో ఏడాది తర్వాత మరొకరు సరిచూడాలన్నా మౌస్ నొక్కుళ్లకు దాఖలా ఉండదు. ఆదేశాల ఫైలుకు ఉంటుంది. బెల్ ల్యాబ్స్‌కే చెందిన డగ్ మెక్‌ఇల్‌రాయ్ పట్టుబట్టగా 1973లో యూనిక్స్‌లోకి వచ్చిన పైపు అనే ఏర్పాటుతో ఒక ప్రోగ్రాం ఫలితం నేరుగా మరోదానికి అందింది, చిన్న ఆదేశాలు కలిసి పెద్ద పని చేయగలిగాయి. పైగా 2017 నవంబరు నాటికి ప్రపంచంలోని మేటి సూపర్ కంప్యూటర్ల టాప్500 జాబితాలోని యంత్రాలన్నీ యూనిక్స్ తరహా లినక్స్‌తో నడిచేవే. విద్యార్థి తనంతట తానే నేర్చుకుంటాడని వదిలేయడం అన్యాయం. చేరిన తొలి నెలలోనే కూర్చోబెట్టి నేర్పవలసింది విశ్వవిద్యాలయ విభాగాలే.