పెన్షను పుచ్చుకున్న పరిశోధకుడు

అపరాధ పరిశోధక నవలలో ముసలి పరిశోధకుడిది ఒక ప్రత్యేకమైన తరహా. ఉద్యోగం విరమించి, తోటపనితో కాలక్షేపం చేస్తుంటాడు. ఎవరో వచ్చి పిలుస్తారు. చేతిలో అధికారం లేకపోయినా, పోలీసులకు కనిపించనిది అతని కంట పడుతుంది. ఇంగ్లీషు సాహిత్యంలో నూటయాభై ఏళ్ళుగా బతుకుతున్న ఈ పాత్ర తెలుగులో ఎందుకు వేళ్ళూనలేదు? మన రచయితలకు ఊహాశక్తి చాలదని సరిపెట్టుకోవచ్చు. కాని ఏ పాత్రా ఆకాశం నుంచి ఊడిపడదు. అది నిలబడే నేలను సమాజమే సిద్ధం చేయాలి.

లండన్ పోలీసుల్లో డిటెక్టివ్ శాఖ 1842లో ఏర్పడింది. 1860లో రోడ్ అనే గ్రామంలో ఒక సంపన్న గృహంలో పసివాడి హత్య జరిగింది. దర్యాప్తుకు వెళ్ళిన జోనథన్ విచర్ తోటమాలి కొడుకు. అతడు ఆ ఇంటి కూతురు కాన్‌స్టన్స్ కెంట్‌ను అనుమానించాడు. పెద్దింటి పిల్ల మీద నింద వేసినందుకు పత్రికలు అతనిపై దుమ్మెత్తిపోశాయి. 1864లో విచర్ పెన్షను మీద తప్పుకున్నాడు. మరుసటి ఏడే ఆమె నేరం ఒప్పుకున్నది! విల్కీ కాలిన్స్ 1868లో 'మూన్‌స్టోన్' రాసినప్పుడు సార్జెంట్ కఫ్ పాత్రకు విచర్ ఆధారమయ్యాడు. పెద్దింట్లో ఓడిపోయిన కఫ్, ఉద్యోగం వదిలి గులాబీలు పెంచుకుంటూ, మళ్ళీ వచ్చి దొంగను పట్టిస్తాడు. పోయిన వజ్రం 1799లో శ్రీరంగపట్నం దోపిడిలో ఇంగ్లీషువాడు కాజేసినదే. ఆ మొదటి దొంగతనాన్ని కాలిన్స్ దాచలేదు. దానిపై దర్యాప్తు జరిపే పోలీసు మాత్రం ఆ సామ్రాజ్యంలో లేడు.

తర్వాత హోమ్స్ తేనెటీగలు పెంచాడు. 1920లో అగాథా క్రిస్టీ సృష్టించిన పొయిరో బెల్జియం పోలీసుశాఖ నుంచి విరమించిన శరణార్థి. 1930 నాటి నవలలో అడుగుపెట్టిన మిస్ మార్పుల్ ఏనాడూ ఉద్యోగం చేయని పల్లెటూరి వృద్ధురాలు. వీరందరికీ కూడు, గూడు, తీరిక ఉన్నాయి. నేరస్థుణ్ణి పట్టిస్తే చట్టం న్యాయం చేస్తుందన్న నమ్మకం పాఠకునికున్నది. ఈ రెండు స్తంభాల మీదే ఆ పాత్ర నిలబడింది.

మన దగ్గర రెండో స్తంభం మొదటినుంచీ బలహీనం. మద్రాసు రాజధానిలో సర్కారు సిబ్బంది ప్రజలను పెట్టే చిత్రహింసలపై 1855లో ఒక కమిషన్ నివేదిక ఇవ్వవలసి వచ్చింది. 1892లో బెంగాలులో ప్రియనాథ్ ముఖోపాధ్యాయ అనే పోలీసు ఉద్యోగి 'దారోగార్ దఫ్తర్' పేరిట తన కేసులను కథలుగా వెలువరించడం ప్రారంభించాడు. అదే ఏడు మన 'కన్యాశుల్కం' రంగస్థలమెక్కింది. గురజాడ 1909 పాఠంలో లుబ్ధావధాన్లు మీద హత్యానేరం మోపుతారు, హత్యే జరగలేదు. పోలీసులకు ఆ కేసు ఆదాయమార్గం. మారువేషంలో వకీలు ఇంటికి వెళ్ళి చిక్కుముడి విప్పింది మధురవాణి. పోలీసు నిజం తేలుస్తాడని గురజాడ నమ్మలేదు.

తెలంగాణలో పోలీసు దొర గడీకి కాపలాదారు. 1948 నాటి సైనికచర్యకే 'పోలీసు చర్య' అని పేరు పెట్టిన చరిత్ర మనది. ఈ వాతావరణంలో విశ్రాంత ఇన్‌స్పెక్టరును తాతయ్యలా ప్రేమించడం పాఠకునికి సాధ్యమా? అందుకే కొమ్మూరి సాంబశివరావు 1950ల నుంచి నడిపించిన డిటెక్టివ్ యుగంధర్ మద్రాసులో స్వతంత్రంగా పనిచేసే ప్రైవేటు పరిశోధకుడు. పోలీసు యంత్రాంగానికి బయట నిలబడటమే అతని ఆకర్షణ. అద్దె పుస్తకాల దుకాణాల్లో ఆ నవలలు చేతులు మారాయి.

ఇక మొదటి స్తంభం. జీడిమెట్ల కార్ఖానాలను ఆనుకున్న సూరారం వంటి శివార్లలో విశ్రాంతి అన్న మాటకు అర్థమేమిటి? ప్రావిడెంటు ఫండు పథకం కింద కనీస పెన్షను నెలకు 1000 రూపాయలని 2014లో నిర్ణయించారు. దినకూలీకి అదీ లేదు. 2004 నుంచి కొత్తగా చేరిన సర్కారు ఉద్యోగులను కూడా పాత పెన్షను విధానం నుంచి తప్పించారు. 2020లో రిచర్డ్ ఆస్మన్ 'థర్స్‌డే మర్డర్ క్లబ్'లో ఖరీదైన వృద్ధనివాసంలోని నలుగురు హత్యల గుట్టు విప్పితే లోకం ఎగబడి చదివింది. ఇక్కడ ఆ వయసువాడు రాత్రి కాపలా ఉద్యోగం వెతుక్కుంటాడు.

అయితే మన వృద్ధులకు పరిశోధించే శక్తి లేదని కాదు. నగరం ఊళ్ళను మింగిన చోట అతిపెద్ద నేరం నేల మీదే జరుగుతుంది. చెరువు శిఖం ఎంతవరకు ఉండేది, హద్దురాళ్ళు ఎవరు పీకారు, పహాణీలో ఎవరి పేరు కొట్టేసి ఎవరి పేరు ఎక్కించారు అన్న సంగతులు ముసలి రైతుకు, మాజీ సుంకరికి, పాత బడిపంతులుకు తెలుసు. వారి సాక్ష్యం ఏ కచేరీలోనూ చెల్లడం లేదు. ఆ జ్ఞాపకాన్ని నేర పరిశోధనగా మలచగల రచయిత వచ్చిననాడు తెలుగు నవలకు తన ముసలి పరిశోధకుడు దొరుకుతాడు. అతనికి గులాబీతోట ఉండదు. పోయిన పొలం ఉంటుంది.