మెదడు చిత్రంలో ఉన్నదెవరు? ఆటిజం పరిశోధనలో ఎంపిక చరిత్ర

ఆటిజం గలవారి మెదడు ఇలా ఉంటుందని ఏదైనా పుస్తకంలో చదివినప్పుడు మీరు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఎవరి మెదడు? ఈ ప్రశ్న ఎం.ఆర్.ఐ. యంత్రం కంటే పాతది.

1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పనిచేస్తున్న వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల గురించి వ్యాసం ప్రచురించాడు. వారి తల్లిదండ్రుల్లో ఎక్కువమంది బాగా చదువుకున్నవారు. అందువల్ల ఆటిజం విద్యావంతుల ఇళ్లలోనే వస్తుందన్న అభిప్రాయం చాలాకాలం నిలిచింది. అయితే ఆ రోజుల్లో అంత పేరున్న వైద్యుడి దాకా బిడ్డను తీసుకువెళ్లగలిగినవారు ఎవరో ఆలోచించండి. లండన్‌లోని కాంబర్‌వెల్‌లో లోర్నా వింగ్, జుడిత్ గూల్డ్ ఆసుపత్రికి వచ్చినవారితో సరిపెట్టుకోక, ఆ ప్రాంతమంతటా ప్రత్యేక సహాయం అవసరమైన పిల్లలను వెదికారు. అలా వెదికినప్పుడు తల్లిదండ్రుల హోదాకూ ఆటిజానికీ సంబంధం కనిపించలేదని వింగ్ 1980లో రాసింది.

మెదడు చిత్రణలో ఈ చిక్కు మరింత బిగిసింది. 2012లో అందుబాటులోకి వచ్చిన ‘అబైడ్’ సంకలనంలో 1,112 మంది చిత్రాలున్నాయి. వారిలో ఆటిజం గలవారు 539 మంది, పోలిక కోసం తీసుకున్నవారు 573 మంది. అన్నీ అమెరికా, ఐరోపా కేంద్రాల నుంచి వచ్చినవే. ఆటిజం గలవారిలో దాదాపు 88 శాతం మగవారు. పెద్ద చప్పుడు చేసే గొట్టంలో కదలకుండా పడుకోవాలి కదా! తల కొద్దిగా కదిలినా మెదడు భాగాల మధ్య సంబంధాల లెక్క తప్పుతుంది. కనుక మాటలు రాని బిడ్డ, చప్పుడుకు బెదిరే బిడ్డ మొదటే జాబితా నుంచి జారిపోతారు.

నిర్ధారణ పరీక్షలదీ ఇలాంటి కథే. ‘ఎడాస్’ పరీక్షలో చిన్నపిల్లలకు బొమ్మ పుట్టినరోజు ఆట ఉంటుంది; కేకు, కొవ్వొత్తులు ఎరగని పిల్లవాడు ఊరుకుంటే అది ఆటిజమా, అలవాటు లేకపోవడమా? మన దేశానికి తగిన కొలమానాన్ని సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ రూపొందించింది. అందులో 40 అంశాలు, ఒక్కొక్కదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70కి చేరితే ఆటిజంగా పరిగణిస్తారు. ధ్రువపత్రాలకు ఇది ఎంతో పనికొచ్చింది. కాని పరిశోధనకు ఇదొక్కటే చాలదు: వినికిడి లోపం, మూర్ఛ వంటివి ఉన్నాయేమో విడిగా చూడాలి.

ఇప్పుడు కోనసీమకు రండి. రాజోలు దగ్గర ఒక కొబ్బరి దింపు కార్మికుడి కుటుంబాన్ని ఊహించుకోండి. అయిదేళ్ల పాపకు మాటలు రాలేదు. అంగన్‌వాడీ టీచరు చెబితే అమలాపురం తీసుకువెళ్లారు. పెద్ద నగరంలో స్కానింగ్ పరిశోధన ఉందని ఎవరో అన్నారు. వెళ్లాలంటే రెండు మూడు రోజుల కూలి పోతుంది. రెండో బిడ్డను ఎవరి దగ్గరో వదలాలి. దారిఖర్చులు, పోయిన కూలి ఇవ్వని పరిశోధనలో ఈ పాప ఉండదు. కొత్తపేటలో డాక్టరుగారి అబ్బాయి ఉండవచ్చు.

వెళ్లినా మరొకటుంది. ఆ తండ్రి సంతకం పెట్టే ముందు, ఈ స్కాన్ తన బిడ్డకు వైద్యం కాదనీ, దీనితో ఆటిజం ఉందో లేదో తేలదనీ తెలుగులో, నోటిమాటగా, అతనికి అర్థమయ్యేదాకా చెప్పాలి. “స్కాన్ తీస్తే మాటలు వస్తాయాండీ?” అని అతను అడిగితే, లేదనే చెప్పాలి.