మహానంది జలధార

నంద్యాల నుండి తూర్పుగా పయనించి, అరటితోటల నడుమగా నల్లమల పాదాన్ని చేరినప్పుడు మహానందీశ్వరుని శిఖరం కన్నులకు గోచరిస్తుంది. బాదామి చాళుక్యుల నాటి రేఖానాగర శైలి అది, క్రీ.శ. 7వ శతాబ్దపుదని చెబుతారు. ఆలంపురం నవబ్రహ్మాలయాలను దర్శించినవారు పోలికను వెంటనే గుర్తిస్తారు.

అయితే ఇక్కడ మీరు ముందుగా చూడవలసినది శిఖరం కాదు, నీరు. గర్భాలయంలో లింగము క్రింద ఉబికిన ఊట కోనేటిలోనికి ప్రవహిస్తుంది. సుమారు 5 అడుగుల లోతున పడిన గుండుసూది సైతం కనబడేటంత స్వచ్ఛత! చలికాలపు వేకువన గోరువెచ్చగాను, వేసవిలో చల్లగాను తోచేది ఆ నీరే; భూగర్భజలానికి ఋతుభేదం అంతగా సోకదు. క్షేత్రం వెడలి అది సుమారు 2,000 ఎకరాలను తడుపుతుంది. మీరు దాటివచ్చిన అరటితోటలు ఆ తీర్థప్రసాదమే.

జీర్ణోద్ధరణ అనగానే మన చూపు గోపురం మీదికీ, నేలపరుపు మీదికీ పోతుంది (నాదీ అంతే). ఇక్కడి స్థపతులు మాత్రం నీటికి దారి విడిచి గోడలు నిలిపారు. ఊట గల క్షేత్రాలకు విరాళమిచ్చే దాతలారా, రాయి పరిపించే ముందు ఆ దారి ఎటు పోతున్నదో ఒక్కసారి అడిగి తెలుసుకొనండి. నల్లమలపై చెట్టు నిలిచి, వాన ఇంకినంతకాలమే ఆ దారిలో నీరుంటుంది.