ఒకే కోడ్, ఎనిమిది జిల్లాలు

2016 అక్టోబరు 11, విజయదశమి నాడు తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి. పాత ఆదిలాబాద్ స్థానంలో ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ నిలిచాయి. పాత కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల విడివడ్డాయి; మిగిలిన కరీంనగర్‌తో కలిపి మొత్తం ఎనిమిది. హుస్నాబాద్ ప్రాంతం సిద్దిపేటలోకి, కాటారం, మహదేవపూర్ భూపాలపల్లిలోకి వెళ్లాయి. ఈ విభజన రెవెన్యూ పటాల్లోనే కాదు, సర్వర్లలోనూ జరగవలసి వచ్చింది.

ఒకే ప్రోగ్రాంను అనేక సర్వర్లలో నడపడంలోని చిక్కు అంతకు చాలా ముందునుంచే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ 1998 నవంబరు 4న ‘కార్డ్’ పథకం ప్రారంభించి, రెండు వందలకు పైగా కార్యాలయాల్లో కంప్యూటర్లు పెట్టింది. ఏ కార్యాలయం సర్వర్ దానిదే. ప్రోగ్రాంలో చిన్న సవరణ చేసినా అన్నిచోట్లకూ విడివిడిగా చేరవలసిందే; ఒకచోట కొత్త వెర్షన్, ఇంకోచోట పాతది నడిచే ప్రమాదం ఆ ఏర్పాటులోనే ఉంది.

ఈ చిక్కుకు పరిష్కారాలు వేరేచోట్ల పుట్టాయి. 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ ‘ఆర్‌సింక్’ అనే ఫైళ్ల నకలు ప్రోగ్రాం రూపొందించారు. అది ఫైలును ముక్కలుగా పోల్చి, తేడా ఉన్న భాగాన్నే పంపుతుంది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన, కోడ్ మార్పుల చరిత్రను దాచే ‘గిట్’ ప్రతి మార్పుకూ అప్పటి మొత్తం కోడ్ నుంచి, అంతకుముందటి చరిత్ర నుంచి లెక్కగట్టిన గుర్తింపు సంఖ్య ఇస్తుంది. కోడ్ రాసి పరీక్షించే డెవలప్‌మెంట్ సర్వర్‌లోనూ ప్రజలు చూసే ప్రొడక్షన్ సర్వర్‌లోనూ ఆ సంఖ్య ఒకటే అయితే రెండుచోట్లా ఉన్నది ఒకే కోడ్. డేటాబేస్ పాస్‌వర్డ్‌ల వంటివి మాత్రం ఏ సర్వర్‌వి ఆ సర్వర్‌లోనే ఉండాలి. కోడ్ పరీక్షల సర్వర్ నుంచి ప్రజలు చూసే సర్వర్‌కు వెళ్లాలి. ప్రజల సమాచారం ఆ దారిన ఎదురు రాకూడదు.

ఇప్పుడు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వెబ్‌సైట్లు నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ తయారుచేసిన ‘ఎస్‌త్రీవాస్’ వేదికపై నడుస్తున్నాయి. కోడ్ ఆ సెంటర్‌ది, సమాచారం జిల్లా యంత్రాంగానిది. భద్రతా లోపం దొరికితే జిల్లా జిల్లాకూ తిరగనక్కర్లేదు. వేదికలో సరిచేస్తే చాలు. ‘కార్డ్’ కాలం నాటి చెల్లాచెదురుతనంతో పోలిస్తే ఇది నిస్సందేహంగా మేలైన పద్ధతి.

అయితే చరిత్రకారుడికి ఇందులో ఒక నష్టం కనిపిస్తుంది. రెండు సర్వర్లను ఒకేలా చేయడమంటే గమ్యం సర్వర్‌లోని పాతదాన్ని కొత్తదానితో తుడిచివేయడమే. ఆర్‌సింక్‌లో ‘డిలీట్’ ఐచ్ఛికం పెడితే మూలంలో లేని ఫైలు గమ్యంలోనూ మిగలదు. ఉమ్మడి జిల్లా మండలాల పట్టిక, పాత నోటిఫికేషన్లు, అప్పటి పటాలు అలా ఒక్క ఆదేశంతో పోగలవు. గిట్ పాత రూపాలను దాస్తుంది, కానీ అది కోడ్‌కు వాడే చరిత్ర. జిల్లా సిబ్బంది డేటాబేస్‌లో మార్చే పేజీలు దాని లెక్కలోకి రావు.

నిజాం కాలపు ఫర్మానాలను తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ భద్రపరిచింది. 2016కు ముందటి, తర్వాతి జిల్లా వెబ్‌సైట్ల ప్రతులకూ అక్కడ చోటివ్వాలి. కొత్త వెర్షన్ లైవ్ అయ్యే ప్రతిసారీ పాతదాని ప్రతి ఒకటి ఆర్కైవ్స్‌కు చేరేలా ప్రభుత్వం నియమం పెట్టాలి.