జీ35 చెప్పని సంగతి

1822 డిసెంబర్‌లో ఇంగ్లండ్ రాజు మూడో జార్జ్ మనవడు అగస్టస్ డెస్టేకి చూపు మసకబారింది. ఉత్తరాలు కూడా ఇంకొకరు చదివి పెట్టాల్సి వచ్చింది. కొన్నాళ్ళకి మందేమీ లేకుండానే చూపు తిరిగొచ్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా, వచ్చిపోయే లక్షణాలన్నీ డైరీలో రాసుకున్నాడు. 1848లో చనిపోయాడు. షార్కో ఈ జబ్బుని విడిగా వర్ణించింది 1868లో. డెస్టేది మల్టిపుల్ స్క్లెరోసిస్ అని డైరీని బట్టి తేల్చింది ఇరవయ్యో శతాబ్దంలో.

ఇప్పుడు జబ్బుకి పేరుంది, కోడూ ఉంది: ఐసీడీ-10లో జీ35. అది జబ్బుందని చెప్తుంది గానీ, ఈ నెల తిరగబెట్టిందో లేదో చెప్పదు. అందుకే ఆసుపత్రి రికార్డుల్లో రిలాప్స్‌ని వెతికే ప్రోగ్రాములు ఆనవాళ్ళు పట్టుకుంటాయి: స్టెరాయిడ్ ప్రిస్క్రిప్షన్, ఎమ్మారై, అడ్మిషన్, డాక్టర్ నోట్స్‌లో మాటలు.

మరి ఇంట్లోనే ఓర్చుకున్న మనిషి సంగతి? స్టెరాయిడ్లు వెతికే ప్రోగ్రామ్‌కి డెస్టే మొదటిసారి చూపు పోగొట్టుకోవడం కనబడదు. రికార్డులో లేదు కాబట్టి జరగలేదనుకుంటే, పనిచెయ్యని మందు కూడా పనిచేస్తున్నట్టే లెక్క తేలుతుంది. ప్రోగ్రామ్ ఎంత తెలివైనదైనా, "ఈమధ్య ఎలా ఉంది?" అని ఎవరో ఒకరు అడిగి, జవాబు రాసిపెట్టాలి. డెస్టే ఆ పని తనకి తనే చేసుకున్నాడు.