బళ్లారి రాఘవ: కోర్టు నుంచి నాటకం, నాటకం నుంచి సినిమా

బ్యాంకులో చేరిన కొత్తలో ట్రైనింగుకు పోయినప్పుడు, ఏదో లెక్క దగ్గర నేను "ఇది ఏంటికి సార్?" అని అడిగితే తరగతంతా నవ్వింది. పక్కన కూర్చున్న కోస్తా మిత్రుడు, "మీది కన్నడం కలిసిన తెలుగు కదండీ" అన్నాడు. మాది బళ్లారి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ఆ పొద్దు జవాబు చెప్పలేకపోయినా. ఇప్పుడు తీరిగ్గా ఉండా కాబట్టి చెప్తా.

బళ్లారి రాఘవ ఇంటిపేరు బళ్లారి కాదు, తాడిపత్రి. పూర్తి పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో పుట్టినారు. ఊరి పేరు ఇంటిపేరును మింగేసింది. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో వకీలు, సరస వినోదినీ సభ పెట్టి నాటకాలు రాసి ఆడించినాయన. ఆయనకు పోటీగా సుమనోరమ సభ నడిపిన కోలాచలం శ్రీనివాసరావూ వకీలే. రాఘవ కూడా మద్రాసులో లా చదివొచ్చి అదే కోర్టులో నల్లకోటు వేసుకున్నారు. పగలు క్రిమినల్ కేసులు, రాత్రి నాటకం. ఒకే ఊళ్లో, ఒకే వృత్తిలో ఇంత నాటక పిచ్చి ఎట్ల కుదిరిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ కాలంలో నాటకమంటే పద్యం. రాగం తీసేకొద్దీ జనం "వన్స్ మోర్" అనేవాళ్లు, చచ్చిన పాత్ర లేచి మళ్లీ పాడేది. రాఘవకు అది నచ్చలేదు. పాత్ర మనిషిలాగా మాట్లాడల్ల, పాటకచేరీ చేయగూడదు అన్నది ఆయన పట్టు. కోలాచలం వారి రామరాజు చరిత్రలో పఠాన్ రుస్తుం వేషం ఆయనకు పెద్ద పేరు తెచ్చింది. ఆడవేషం ఆడవాళ్లే వేయాలని వాదించి, కొమ్మూరి పద్మావతీదేవి లాంటివాళ్లతో కలిసి ఆడినారు. పి.వి. రాజమన్నారు రాసిన 'తప్పెవరిది' లాంటి సాంఘిక నాటకాలనూ రంగానికెక్కించినారు. తెలుగొక్కటే కాదు, కన్నడం, హిందీ, ఇంగ్లీషు నాటకాలూ ఆడినారు. బళ్లారి మనిషికి అదేం వింత కాదు లెండి, మేం సంతలో బేరం చేసేదే రెండు భాషల్లో.

సినిమాకు ఆయన లేటుగా పోయినారు, యాభై ఆరో ఏట. 1936లో 'ద్రౌపదీ మానసంరక్షణం'లో దుర్యోధనుడు. అదే సంవత్సరం అదే కథతో 'ద్రౌపదీ వస్త్రాపహరణం' కూడా వచ్చింది. పోటీలో రాఘవ ఉన్న సినిమా దెబ్బతినింది. మా లెక్కలో చెప్పాలంటే నష్టం పద్దు. 1940లో కన్నాంబతో 'చండిక' కూడా చేసినారు గానీ, నాకు ముఖ్యం ఆ రెంటి నడుమ వచ్చిన సినిమా.

1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'రైతుబిడ్డ'. రాఘవ అందులో నర్సిరెడ్డి అనే రైతు. కిరీటం లేదు, గద లేదు. జమీందార్లకు ఆ సినిమా గిట్టక కొన్నిచోట్ల ఆపించినారు. అందులోనే ఇంకొకాయన నటించినారు, గిడుగు సీతాపతి. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారి కొడుకు. వాళ్లది పర్లాకిమిడి. సినిమా వచ్చేటప్పటికే, 1936లోనే, ఆ ఊరు ఒరిస్సాకు పోయింది. సినిమా తయారైంది మద్రాసులో. బళ్లారి 1953 అక్టోబరు 1న మైసూరుకు పోయింది. మా జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం మాత్రం ఆంధ్రలో మిగిలినాయి. ఒక్కసారి మ్యాపు ముందరేసుకొని చూడండి. జనం మాట తెలుగు తెర మీద వినిపించాలని కూడినవాళ్లలో ఒకరిది ఇప్పటి కర్ణాటక, ఒకరిది ఇప్పటి ఒడిశా, కలిసిన ఊరు ఇప్పటి తమిళనాడు.

రాఘవ బళ్లారి పంపకం చూడలేదు. 1946 ఏప్రిల్ 16న పోయినారు. బళ్లారిలో ఆయన పేరుతో రాఘవ కళామందిరం ఉంది.

ఆ కోస్తా మిత్రుడు ఇప్పటికీ పండగలకు ఫోన్ చేస్తాడు. మొన్న సంక్రాంతికి "బళ్లారి రాఘవది ఏ ఊరబ్బా?" అని అడిగినా. "పేరులోనే ఉంది కదండీ" అని నవ్వి, కొంచేపు ఆగి, "ఏంటికి అడుగుతాండారు?" అన్నాడు, అచ్చం మా యాసలోనే.